సుంకి ఘాటీలో క్లీనరు

ఇరవై రెండేళ్లు
కూర్మన్న లారీకి వెనక కళ్లు నేనే.
రివర్సు గేరు పడితే దూకి, వెనక నిలబడి
రేకు మీద అరచేత్తో చెప్పేవాణ్ణి:
ఒక దెబ్బంటే రా,
రెండంటే ఆగు,
గబగబా మోగితే, నాయనా, లోయ.

ఇప్పుడీ తెల్ల కారు గోడవైపు జరుగుతూ
టిక్... టిక్... టిక్‌టిక్‌టిక్ అంటోంది.
"మన చెవికందని కూత వేస్తుందండి,
గోడకి తగిలి ఎప్పుడొస్తుందా అని లెక్కపెడుతుంది"
అంది స్వాగతిక, తన కొరాపుట్ తెలుగులో.
నా అరచెయ్యి దురద పెట్టింది.

నెత్తిమీద గిర్రున తిరిగే డబ్బా ఇంకోటి.
వెలుగు విసురుతూ ఉంటుందట, లక్షల చిటికెలు.
తిరిగి రాకపోతే ఖాళీ,
వెంటనే వస్తే ఎవరో ఉన్నట్టు.
తెరమీద చూపించింది:
కుందులి సంత నుంచి వస్తున్న పరజ ఆడవాళ్లు
చుక్కలు చుక్కలుగా నడుస్తున్నారు,
ముగ్గు పెట్టి ఎవరో కలపడం మరిచిపోయినట్టు.
ఒక్కొక్కరి చుట్టూ గడి గీసి "మనిషి" అంటోంది.
కావడి మోసేవాడి దగ్గర మాత్రం తడబడింది:
మనిషా? సైకిలా?

"బ్రేకు లైనర్లు కాలిన వాసన పట్టగలదా?"
లేదంది.
"ఎదటి డ్రైవరు కునుకు తీస్తున్నాడని?"
పిల్ల నవ్వలేదు. పుస్తకంలో రాసుకుంది.

ఏడో మలుపులో మంచు దిగింది.
నెత్తిమీద డబ్బా ఆ తెలుపునే గోడనుకుంది.
కెమెరా కళ్లలో పాలు పోసినట్టే.
నాకూ అంతే, నిజం చెప్పొద్దూ.
బంపరులో దాక్కున్నదానికొక్కదానికే మంచు పట్టదట,
అది ఇనుముని బాగా ఎరుగును.

అప్పుడు కనపడింది, చక్రాల ముందు,
పచ్చిగా విరిచిన మద్దికొమ్మ. పక్కన రెండు రాళ్లు.
తెరమీద: "ఆకులు."
ఓ మూర పక్కకి తప్పుకుని సాగబోయింది కారు.
నా చెయ్యి నన్నడగలేదు,
డాష్‌బోర్డు మీద రెండు దెబ్బలు.
స్టీరింగు దగ్గరి కుర్రాడు బ్రేకు తొక్కాడు.
అదే క్షణాన బంపరూ కూసింది.
నా కళ్లకి అందని చోట,
నలభై అడుగుల అవతల,
ఇనుము.

టార్చి వేసుకుని నడిచాం.
యాక్సిల్ విరిగిన లారీ, నీలగిరి దుంగల లోడు,
వెనక దీపాల్లేవు.
టైరుకానుకుని పట్టా కప్పుకున్న క్లీనరు,
మీసమింకా సరిగా రానివాడు,
"కొమ్మ చూసినారా అన్నా?" అన్నాడు.

కారెక్కాక స్వాగతిక తెరమీద
ఆ ఆకుల చుట్టూ గడి గీసి అడిగింది,
దీనికేం పేరు రాయమంటారని.

లారీ అని రాయమ్మా, అన్నాను.