లెక్కకు రానివి

గ్రిమ్స్‌బీలో మంగళవారం, సాయంత్రం ఆరున్నర.
లాండ్రీ దుకాణం మీది గది.
కింద యంత్రాలు గిర్రున తిరిగితే
పైన బల్లమీద సుద్దముక్క వణుకుతుంది.

గ్లెనిస్ ఆల్డ్‌క్రాఫ్ట్ ముప్పై ఏళ్ళు
చేపల వేలంలో పెట్టెలు లెక్కపెట్టిన మనిషి.
ఇప్పుడు బోర్డు మీద నిలువునా ఒక గీత గీసింది:
ఇటు లెక్కపెట్టగలిగేవి, అటు పెట్టలేనివి.
ఇటువాటికి ముందొక బుల్లి 'ఎ' కావాలి,
అచ్చు వినబడితే 'యాన్'.
అటువాటికి అక్కర్లేదు, అవి తలుపు కొట్టకుండానే వస్తాయి.

కుర్చీ ఇటు, ఫర్నిచర్ అటు.
సూట్‌కేసు ఇటు, లగేజి అటు.
"నేను మోసుకొచ్చింది ఒక్క సూట్‌కేసే," అంది బొహ్దానా,
"రైలెక్కగానే లెక్క తప్పిపోయిందా?"

మనీ అనే మాట అటువైపు రాసేసరికి
గదంతా గొల్లుమంది.
రిమ్వీదాస్ చేప వాసన వదలని వేళ్ళతో
శుక్రవారం జీతాన్ని గాల్లో లెక్కపెట్టి చూపించాడు.
రెండో చేతి దాకా పోలేదు.

హెయిర్ అటే. కానీ ప్యాకెట్లో కనబడితే 'ఎ హెయిర్'.
ఆ ఒక్క 'ఎ'కి పోయిన నెల అతనికి పూట కూలి ఎగిరిపోయింది.
చికెన్ తిన్నానంటే నాలుగు ముక్కలు.
'ఎ చికెన్' తిన్నానంటే ముక్కుతో, గోళ్ళతో, మొత్తం.

వెనకాల టీ కప్పులు కడిగే పని నాది.
నా భాషలో నీళ్ళెప్పుడూ పదిమందే, పాలూ అంతే.
ఒంటరి నీళ్ళని నేను చూడలేదు.
ఇక్కడి వాటర్‌కి తోడు లేదు సరే,
'ఒకటి' అనిపించుకునే భాగ్యమూ లేదు.
కుళాయి కట్టేశాను.

హేమిన్ మాట్లాడడు.
వాళ్ళ కుర్దీలో 'ఒక' అనేది మాట వెనకాల తోకలా వస్తుందట,
ఇక్కడ ముందు నడవమంటే తడబడుతుంది.
హోంవర్కులో రాశాడు: నేను మూడు ఎవిడెన్సులు ఇచ్చాను.
గ్లెనిస్ ఎర్రసిరాతో ఆ 'సులు' కొట్టేసింది.
"దీనికి బహువచనం లేదు నాయనా. లెక్కపెట్టకూడదు."

"పెట్టారు," అన్నాడు హేమిన్.
"లీడ్స్‌లో. బల్లకి అవతల కూర్చున్నాయన.
మూడు అన్నాడు. మూడు చాలవన్నాడు."

కింద ఏదో యంత్రం ఆగింది.
గ్లెనిస్ పెన్ను మూత పెట్టింది, మళ్ళీ తీసింది.
"అయితే... 'ఎ పీస్ ఆఫ్' అని రాయి.
ముక్కలు చేస్తేనే లెక్కకొస్తుంది."

రాశాడు. అన్న ఫొటో, ఒక ముక్క.
ఆస్పత్రి చీటీ, ఒక ముక్క.
భుజం మీది మచ్చ దగ్గర ఆగాడు.
"దీనికి ముందు 'ఎ'నా, 'ది'నా?"
"అవతలివాళ్ళకి ఇంకా తెలియనప్పుడు 'ఎ'.
ఇద్దరికీ తెలిశాక 'ది'."
చొక్కా గుండీ మీద చెయ్యి వేసి,
తీసేశాడు. "ఇంకా 'ఎ'నే," అన్నాడు.

తర్వాతి మంగళవారం అతను రాలేదు.
ఉత్తరం ఒకటి వచ్చిందని రిమ్వీదాస్ చెప్పాడు.
ఆ మాట తర్వాత ఎవరూ దాన్ని 'ఒక' ఉత్తరం అనలేదు.

కొత్తగా వచ్చినావిడకి చోటు చూపిస్తూ
బొహ్దానా తప్పు లేకుండా అడిగింది:
"కెన్ ఐ టేక్ ఎ చైర్?"
కిటికీ పక్కదాని మీద చెయ్యి వేసి ఉంది.

నెలల తరబడి దిద్దిన వాక్యం, అక్షరం పొల్లుపోలేదు.
గ్లెనిస్ తన కుర్చీ లేచి ఇచ్చింది,
గంటన్నరా నిలబడే పాఠం చెప్పింది.
నేను లెక్క తప్పి
ఒక కప్పు ఎక్కువ కడిగాను.