నీ జాగ ఏది

అడ్మిషన్ ఫారంల ఒక గడి ఉండె:
తండ్రి విద్యార్హత.
కౌంటర్ల సారు తల ఎత్తకుంటనే అడిగిండు.
ఏం చెప్పాల్నో తోచక
"సెంట్రింగ్" అన్న.
ఎనక లైన్ల పిల్లలు నవ్విన్రు.
సారు నవ్వలే. గడిల ఒక గీత కొట్టి
కింది గడికి దిగిండు.

మెట్టుగడ్డ దాటి కాలేజి గేట్ల అడుగు పెడితే
అందరూ అన్నీ ఎరుకున్నట్టే నడుస్తుండిరి.
ఇంటర్నల్ అంటే ఏందో
ఎవర్ని అడగాల్నో,
అది కూడ ఎవర్ని అడగాలె?
పరీక్ష ఫీజు ఆఖరి తారీకు
దాటిన మర్నాడు చదివిన నోటీసు బోర్డు మీద.
వంద రూపాయల ఫైను.
"పది కిలోల పత్తి" అన్నది అమ్మ.
కోపం కాదు, ఆమె లెక్క అంతే.

తమ్ముడు ఉషన్న టచ్ ఫోను నా చేతిల పెట్టి
బటన్ల ఫోను జేబుల ఏసుకున్నడు.
"నాకు వీడియోలు చూస్తే తలనొప్పి" అన్నడు.
వానికి ఎన్నడు రాలే తలనొప్పి.

క్లాసుల "వస్తున్న మేడం" అంటే
ముందు బెంచీ మూతి తిప్పె.
ఊరికి పోయి నోరుజారి "వచ్చాను" అంటే
పెద్దమ్మ కొడవలి పట్టుకొనే ఒంగి
"వచ్చారా దొరసానీ, కూసోండ్రి" అనె.
దేవరకద్ర బస్సులనే కొన్నాళ్లు
ఏ మాట మాట్లాడినా తప్పు కాకపోయేది.
కండక్టర్‌కు టికెట్ చాలు.

నాయిన పుణె నుంచి రాత్రి తొమ్మిదికి చేస్తడు,
మిక్సర్ ఆగినంక.
తిన్నవా? తిన్న.
సదువుతున్నవా? ఆ.
ఏం సదువుతున్నవని అడగడు.
మైక్రోబయాలజీ అని ఒక్కసారి చెప్పిన.
పక్కన కూసున్న బాలప్ప కాకకు
"మందుల సదువు" అని తెలుపుతుండంగ ఇన్న.
దిద్దబుద్ధి కాలే.
ఇప్పుడు ఆ రేకుల షెడ్లల్ల
ఎవరికి మోకాలు గుంజినా నాకే ఫోను.
డాక్టర్‌కు చూపెట్టుకో కాకా అంట.
అదే మందు.

రెండో ఏడు స్కాలర్‌షిప్ కాయితానికి
తండ్రి రావాలన్నరు.
రెండు రోజుల కూలి ఇడిచి
రాత్రంత బస్సుల నిలబడి వచ్చిండు.
మీసేవల మిషను మీద ఏలు పెడితే
గుర్తు పట్టలే అది.
ఇంకో ఏలు. ఇంకోటి. పదేండ్లూ అయినయి.
సిమెంటు గీతలన్నీ తినేసింది.
లాగుకు చేతులు తుడుచుకుంట
తప్పు తనదే అన్నట్టు నిలబడ్డడు.
ఆపరేటర్ పిల్ల సమీనా
తన తడిబట్టతోని ఆయన బొటనేలు తుడిచి
మెల్లగ ఒత్తిపట్టింది, ఏడోసారికి పడ్డది.

కాలేజి చూస్తవా నాయినా అన్న.
గేటు కాడ ఆగి అడిగిండు:
"చెప్పులు ఇడువాల్నా?"

పుణెల మూడు కాలేజీలు కట్టిండట.
రంగులేసినంక వాచ్‌మెన్ లోపలికి రానియ్యడు,
అందుకే లోపల బెంచీలు ఎట్లుంటయో
చూడనే లేదట.
వరండాల పిల్లరును ఏలి కణుపుతోని కొట్టి ఇన్నడు.
పైకి చూసి నాలుక చప్పరించిండు.
"బీము ఒంగింది, సూసినవా?
తొందరపడి కర్రలు గుంజిన్రు."
మా ప్రిన్సిపాల్‌కు కూడ తెల్వని సంగతి
నా చెవుల ఏసి
ముందుకు నడిచిండు,
ఇప్పుడు కొంచెం నిమ్మలంగ.

క్లాసు ఖాళీగున్నది.
"నీ జాగ ఏది?"

కిటికీ దిక్కు మూడో బెంచీ చూపెట్టిన.
దాని మీద ఎవరిదో సంచి ఉండె.
"ఎవరో కూసున్నట్టున్నరు లే" అన్న.
ఆయన సంచిని రెండు చేతుల ఎత్తి,
పండుకున్న పిల్లను జరిపినట్టు జరిపి
"కూసో" అన్నడు.

కూసున్న.
ఆయన కూసోలే. పైకప్పు దిక్కే చూస్తున్నడు.

"వాన పడ్తె ఈడ కారుతదా?"
"కారుతది."
"అయితే కొంచెం ఇటు జరుగు."