రెండో పిటిషనర్

పెళ్లికార్డు ఒకటి కావాలన్నారు ఫర్హానా మేడం.
నాలుగు వందలు అచ్చేయించాం, ఇంట్లో ఒక్కటీ లేదు.
చివరికి రామంతాపూర్‌లో మా చిన్నమ్మ
బియ్యం డబ్బా అడుగున పరిచిన దాన్ని
దులిపి చేతిలో పెట్టింది.
"ఇది చాలమ్మా. పెళ్లయిందని ముందు రుజువు చేయాలి,
ఆ తర్వాతే లేదనిపించుకోవాలి."

ఏడాదికి పైగా విడిగా ఉంటున్నామని రాశారు.
అందులో నాలుగు నెలలు
మౌలాలీ ఇంట్లో, ఒకే ఫ్యాను కింద, అన్నాను.
"అదీ లెక్కలోకే వస్తుంది,
చట్టం గోడల్ని చూడదు" అన్నారామె తలెత్తకుండా.

భరణం వద్దని రాయించాను.
"ఇకముందు ఎన్నటికీ" అన్న చోట
నా పెన్ను కాసేపు కదల్లేదు.
డబ్బు కోసం కాదు,
అంత పొడుగు మాట మీద నేనెప్పుడూ సంతకం పెట్టలేదు.
పెళ్లిలో పెట్టానేమో. అప్పుడు చదవలేదు.

పురానీ హవేలీకి వెళ్తుంటే
మీరాలం మండీలో ఎండుమిర్చి ఘాటు.
ఆటో దిగేసరికే కళ్లు నీళ్లు కారుతున్నాయి.
కోర్టు వరండాలో ఎవరూ ఎందుకని అడగలేదు.

బంట్రోతు పేర్లు పిలిచాడు.
మొదటి పిటిషనర్, అతను. రెండో పిటిషనర్, నేను.
"మరి ప్రతివాది?"
"ఇద్దరూ ఒప్పుకున్న కేసు గదమ్మా, ఇండ్ల ఎవ్వరుండరు."
ఎదుటి వైపు ఖాళీ.
తొమ్మిదేళ్లలో మొదటిసారి
వామనరావూ నేనూ ఒకే పక్షం.

మళ్లీ కలిసే వీలేమైనా ఉందా అని
కౌన్సెలింగ్ గదిలో ఒకావిడ మెత్తగా అడిగింది.
అతను గోడ మీది క్యాలెండరు చూశాడు.
నేను అతని చొక్కా చూశాను.
మూడో గుండీ నల్లదారంతో వంకరగా కుట్టి ఉంది,
తనే కుట్టుకున్నట్టున్నాడు.
"లేదండీ" అన్నాం.
ఇద్దరం ఒకే మాట ఒకేసారి అనేసరికి
ఆవిడ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

ఆర్నెల్లు ఆగి రమ్మన్నారు.
కొందరికి ఆ గడువు తగ్గిస్తారట,
మా లెక్క ఇంకా అంతదాకా రాలేదట.
వాయిదా.
ఆ మాట మాకు కొత్తేం కాదు.
ఫంక్షన్ హాలుకి చేసిన అప్పు
నలభై ఎనిమిది వాయిదాల్లో తీర్చాం,
ఇద్దరి జీతాల్లోంచి, ఒక్కటీ తప్పకుండా.

గ్రైండరు నాకు, కూలరు అతనికి.
కుక్కరు నా దగ్గర, దాని మూత అతని దగ్గర,
ఎవరమూ అడగలేదు.
గ్యాసు కనెక్షను మాత్రం అతని పేరు మీదే ఉండిపోయింది.
సిలిండరు వచ్చిన ప్రతిసారీ
అతని ఫోన్ నుంచి నాకు నాలుగంకెలు.
పైనా కిందా ఒక్క మాట ఉండదు.
"అందింది" అని నేను.
ఆ ఆర్నెల్లూ మేం మాట్లాడుకున్నదంతా అదే.

మా నాయనమ్మ చెప్పేది,
పాతరోజుల్లో పదిమంది ముందు ఆకు చింపి
చెరో ముక్కా చేతిలో పెట్టేవాళ్లని.
అంతే, ఎవరి దారి వాళ్లది.
నేను ఆకు కోసం చూస్తూ నిలబడ్డాను కాబోలు,
జడ్జిగారు రెండోసారి అడగాల్సి వచ్చింది:
"మీ ఇష్టపూర్వకంగానేనా? ఎవరైనా బలవంతపెట్టారా?"
లేదు.
నాలుగు నిమిషాలు పట్టింది.
నా వెనక ఇంకో జంట అప్పటికే లేచి నిలబడింది.

డిక్రీ నకలు చేతికొచ్చిన రోజు
జిరాక్సు పిల్లగాడు సలహా ఇచ్చాడు:
"లామినేషన్ చేపిచ్చుకో అక్కా, చినగకుంటుంది."
చేయించాను. నలభై రూపాయలు.
ఇంకా వెచ్చగా ఉంది కాగితం.

బస్టాపులో ఫోన్ మోగింది.
నాలుగంకెలు.
కింద, మొదటిసారి, ఒక వాక్యం:
"కనెక్షన్ నీ పేరుకు మార్పించుకో. నా సంతకం ఎక్కడ కావాలో చెప్పు."