తొమ్మిదో సెకను

కావలి రైల్వే గేటు దాటాక, పాత పొగాకు గోడౌనులో
మా హెలికాప్టరు. రెక్కల్లేవు.
ఒక సీటు, మూడు తెరలు, చేతికో కడ్డీ, కాళ్లకు పెడళ్లు.

తెర మీద పెన్న పొంగుతోంది.
నీళ్ల మధ్య ఒక డాబా. దాని మీద
పది లెక్కపెట్టేదాకా కదలకుండా నిలవాలి.

దావీదు గారు నిలిపారు.
దిగి, మెడ తుడుచుకుని, "ఏడు" అన్నారు.
ఒకటంటే వెన్న. పదంటే చావు.
"మాట వింటుందిలే అబ్బయా,
రెండోసారి చెప్తే గానీ కదల్దు."

కడ్డీకీ తెరకీ నడుమ జాగు
రెప్పపాటులో సగం. కోసేశాను.
ఈసారి "నాలుగు".

రాత్రి గ్రాఫులు తిరగేస్తుంటే
తొమ్మిదో సెకనులో ఆయన చెయ్యి ఎడమకి తోసింది.
అక్కడ నేను గాలి పెట్టలేదు.
పాతవీ తీశాను. పదకొండు సార్లు ఎగిరితే
పదకొండు సార్లూ అక్కడే.

పొద్దున అడిగితే, టీ గ్లాసులోకి చూస్తూ
"ఆ డాబా వెనక కొబ్బరిచెట్టుండేది.
నువ్వు పెట్టలా."

పెట్టాను. మట్టల్లో గాలి కూడా.

ఎనిమిది దగ్గర కడ్డీ వదిలేసి
సీటు దిగి బయటికెళ్లారు.
ఏ అంకే చెప్పలేదు.

రిపోర్టులో ఆ గడి
ఇంకా పూరించలేదు.