సగం గడ్డం

కుడి చెంప అయిపోయింది.
ఎడమ చెంప మీద నురగ ఇంకా వెచ్చగానే ఉంది.
అప్పుడు టప్పుమంది.
రేజర్ తల ఒకచోట, పిడి ఒకచోట.
బ్లేడు వాష్ బేసిన్‌లో
చేపపొలుసులా జారి
జాలీ దగ్గర ఆగింది.

విరిగింది మర. గోరంత మర.
పైన క్రోమ్ పూత, లోపల బూడిదరంగు పెళుసు లోహం.
తొమ్మిదేళ్లు ఆ పూతనే ఉక్కనుకున్నాను,
కత్తుల ఊళ్లో పుట్టి!
జోలింగెన్‌లో ఈ మాట బయట చెప్పుకోకూడదు.
కత్తెరలకు మరలు బిగించి బతికిన
మా ఇర్మ్‌ట్రౌట్ అత్త వింటే
నా మొహాన తలుపేస్తుంది.

ఫోన్ మోగింది. డిపో నుంచి ఫోల్కర్.
"ఆన్స్‌గర్, నీ పొద్దుటి డ్యూటీ నాకిచ్చి
నా మధ్యాహ్నానిది నువ్వు తీసుకుంటావా?"
గడ్డం కాలి ఒకడేడుస్తుంటే
చుట్టకి నిప్పడిగాడట ఇంకొకడు.
సరే అన్నాను.
అన్నాక తెలిసింది, నిప్పడిగినవాడే నీళ్లు పోశాడని.

దుకాణం తెరిచేది పదింటికి.
అయిదు గంటలు ఇంట్లో సగం మనిషిగా తిరిగాను.
మఫ్లర్ ఎడమవైపు కాస్త ఎత్తి చుట్టుకుని
రోజూ నేను నడిపే ట్రాలీబస్సులోనే
వెనక సీట్లో కూర్చున్నాను.
మలుపుల దగ్గర నా కాలు
లేని బ్రేకుని తొక్కుతూనే ఉంది.

ఫ్రౌ ఎవర్ట్స్ నవ్వలేదు. మఫ్లర్ దించమంది.
బొటనవేలితో చెంప మీద
కిందికోసారి, పైకోసారి రుద్ది చూసింది,
గుడ్డ నేత చూసినట్టు.
"మెడ దగ్గర వెంట్రుక అడ్డంగా తిరిగింది, తెలుసా?"
నలభయ్యారేళ్ల మెడ. నాకు తెలియదు.

అద్దాల అరలో అన్నిటికంటే బరువైనది చూపించాను.
అడుగున తిప్పుడు చక్రం, దాని మీద అంకెలు,
ధర అటువైపు తిరిగి ఉంది.
"రోజూ గీస్తావా?" రోజూ.
"ఇంటి నీళ్లకి నురగొస్తుందా?" వస్తుంది.
"చెయ్యి నొక్కుతుందా?" లేదన్నాను.
దవడ కింద పాత గాటు వైపు చూసి
ఆవిడ ఇంకేమీ అడగలేదు.

"బ్లేడు అంచు ఎంత బయటికి తొంగిచూస్తే
అంతే రేజర్ గుణం. తక్కినదంతా నగిషీ.
ఈ దువ్వెన పళ్లది వారానికోసారి గీసేవాళ్లకి.
ఆ చక్రం నీకిస్తే రోజుకో అంకె తిప్పి
రోజుకో గాటు తెచ్చుకుంటావు."

ఆపైన పట్టకారుతో నా పాత పిడిలోంచి
విరిగిన ముక్కని మెల్లగా తిప్పి లాగింది.
"ఇది ఇత్తడి. దీనికేం రోగం?
మర కొలత ఒకటే. తల ఒక్కటి కొనుక్కో."

కొత్తొక వింత, పాతొక రోత అనుకుంటూ వెళ్లినవాణ్ణి
ఉక్కు తల జేబులో వేసుకుని
రోతనీ పిడికిట్లో పట్టుకుని తిరిగొచ్చాను.
ధర చెప్పను. చెప్పదగ్గదే, అయినా చెప్పను.

మళ్లీ వేడినీళ్లు, మళ్లీ నురగ, ఎడమ చెంప.
ముప్పై డిగ్రీలంటారు. కోణమానిని ఎవడు పెట్టుకుంటాడు?
తల చెంపకి ఆనించి పిడి కొంచెంకొంచెం దించుతుంటే
ఒకచోట చప్పుడు మొదలవుతుంది,
వేడి పెనం మీద ఉప్పు చల్లినట్టు.
అక్కడ ఆగాలి.

ఆగాను. కానీ చెయ్యి తొమ్మిదేళ్ల చెయ్యి.
నొక్కింది.
ఎర్రగా ఒక ఆవగింజ లేచింది.
పటిక రుద్దాను, చిన్న కాగితం ముక్క అతికించాను.
రెండోసారి పిడిని రెండువేళ్ల మధ్య
వానలో తడిసిన పిచ్చుకని పట్టుకున్నట్టు పట్టుకుని
బరువుని దాని పని దాన్ని చేసుకోనిచ్చాను.

మధ్యాహ్నం ఎర్రదీపం దగ్గర ఆగినప్పుడల్లా
చెయ్యి చెంపల మీదికి పోతోంది.
కుడివైపు అప్పుడే గరుకు.
రెండు చెంపలకీ ఆరు గంటల తేడా,
ఒకే మొహం రెండు ఊళ్ల గడియారాలు చూపిస్తున్నట్టు.

వుప్పర్ వంతెన దాటాక
ముందు సీట్లో ఓ పిల్ల
అద్దంలో నన్నే చూస్తూ
తన చెంప మీద వేలుపెట్టి చూపించింది.

కాగితం ముక్క. తీయడం మరిచాను.