ఆకుపచ్చ గీత

నార్త్ జీలాంగ్‌లో, టైర్ల కొట్టు వెనక
రేకుల షెడ్డులో నా కొలువు.
కోరియో అఖాతం మీంచి గాలి కొడితే
రికార్డింగు ఆపేసి టీ పెట్టుకోవాలి.
ఆగినప్పుడు నా పని:
గొంతులకు ఇస్త్రీ.

తెర మీద ఒక ఆకుపచ్చ గీత ఉంటుంది.
స్వరం దాని మీద కూర్చుంటే సరే.
రవ్వంత జారినా, ఎగిరినా
ఎర్రబడుతుంది.
పిల్లికూనను మెడ పట్టి ఎత్తినట్టు
దాన్ని ఎత్తి గీత మీద పెడతాను.
గంటకి అరవై డాలర్లు.

టిల్లీ డాలిమోర్ పాటని
ఈ నెల్లో నలభై లక్షల మంది విన్నారు.
అందులో ఆ పిల్ల గొంతు ఎంత అని అడక్కండి.
పాట చెడ్డదనీ అనను.
గిన్నెలు తోముతూ నేనూ కూనిరాగం తీశాను,
ఎవరూ లేరని చూసుకుని మరీ.

శుక్రవారం మెర్విన్ వచ్చాడు.
ఉన్ని గోదాముల్లో నలభై ఏళ్ళు మూటలు మోసినవాడు.
ఒళ్ళో తాతలనాటి కన్సర్టీనా,
రెండు చేతుల మధ్య ఊపిరి తీసే బుల్లి పెట్టె,
దాని తిత్తికి సైకిల్ ట్యూబు అతుకు.
ఆయన పాడితే పబ్బులో పదకొండు మంది,
అందులో ఇద్దరు టీవీలో ఫుట్‌బాల్ కోసం వచ్చినవాళ్ళు.
'ఏమీ ముట్టుకోకమ్మా, ఉన్నదున్నట్టు పట్టు' అన్నాడు.

పట్టాను.
రెండో చరణంలో కరెంటు తీగ మీద మాగ్‌పై ఒకటి అందుకుంది,
నోట్లో నీళ్ళు పోసుకుని పుక్కిలిస్తూ నవ్వినట్టు.
యంత్రం దాన్నీ వదల్లేదు.
ఏ స్వరమో తేల్చుకోలేక
షడ్జానికీ రిషభానికీ మధ్య
గోడెక్కి దిగలేని దొంగలా
మినుకు మినుకుమంది.
ఇద్దరం పడీ పడీ నవ్వాం. ఆ టేకే ఉంచేశాం.

ఇక్కడితో ఆపేస్తే బావుండేది.

ఆయన వెళ్ళాక నాకు పొగరెక్కింది.
పద్నాలుగేళ్ళ తర్వాత మైకు ముందు కూర్చుని
తోడి అందుకున్నాను.
రాజోలులో సుభద్రగారు
ఆర్నెల్లు నాచేత ఒట్టి స పాడించారు.
'సున్నం తర్వాత కొడదాం, ముందు గోడ నిలబడనీ' అనేవారు.
ఆ గోడ ఉందన్న ధీమా నాది.

తెర నిండా ఎరుపు.
గాంధారం దగ్గర మరీను.
గమకం అంటే దీనికేం తెలుసులే, అనుకున్నాను.
వెనక్కి తిప్పి విన్నాను.
కళ్ళు మూసుకుని మళ్ళీ విన్నాను.

గమకం కాదది.
ఊగాల్సిన గాంధారం
తూలింది.
యంత్రం చెప్పింది నిజం.
తప్పని చెప్పింది, అంతే.
సాధన మానిన గొంతని తేల్చడానికి
సుభద్రగారైతే రెండో స్వరం దాకా ఆగేవారు కాదు.

చూపుడు వేలు మౌస్ మీదికి వెళ్ళింది.
వెళ్ళిందనే చెబుతున్నాను.
పిల్లికూన, మెడ, గీత.
నేను తప్ప ఎవరు చూడొచ్చారు?

తెర ఆర్పేశాను.
పక్కన టైర్ల కొట్టు కంప్రెసర్
గుయ్యిమంటోంది.
దాన్నే శ్రుతి అనుకుని
స పట్టాను.

సగం ఊపిరిలో
కంప్రెసర్ ఆగిపోయింది.
నా స నిలిచిందో జారిందో చెప్పడానికి
పెట్టె లేదు, గీత లేదు.

వినాల్సి వచ్చింది.