పళ్లు తోముతున్నాను

ఈమధ్య ఏం చేస్తున్నావురా అని
పరాంకుశం మావయ్య ఫోను.
ఉద్యోగం పోయి నాలుగు నెలలని ఆయనకి తెలుసు,
తెలిసే అడిగాడు.
గుడ్డి గుర్రానికి పళ్లు తోముతున్నాను, అన్నాను.
అవతల కాసేపు చప్పుడు లేదు.
తర్వాత, వెటకారం తగ్గించుకో, అన్నాడు.

వెటకారం కాదు మావయ్యా.
కైన్‌టన్ ఊరి చివర, రైలుకట్ట దాటాక
ఒక రేకుల షెడ్డు.
జులై చలి. గడ్డి మీది మంచు
బూటు కింద గాజుపెంకులా విరుగుతుంది.
దాని పేరు మర్టిల్.
పందేలు మానేసి తొమ్మిదేళ్లు,
రెండు కళ్లలోనూ పాలు పోసినట్టు తెలుపు.
పళ్ల డాక్టరు కాలమ్ మోచేతిదాకా నోట్లో చెయ్యి పెట్టి
ఆకురాయితో అరగదీస్తుంటే
తల పట్టుకున్నది నేను.
ఆ గీకుడు నా దవడలోకి ఎక్కింది.
తర్వాత బకెట్టు నీళ్లు, పాతగుడ్డ, నురగ, కాస్త నెత్తురు.
తోమడమంటే తోమడమే.

మొదటిరోజు డోరీన్ చెప్పింది ఒక్కటే:
పక్కన ఉన్నంతసేపూ మాట్లాడు,
నువ్వెక్కడున్నావో దానికి తెలియాలి.
ఏం మాట్లాడను?
ఏదైనా. దానికి ఇంగ్లీషు రాదు.

వాన సంగతి అయిపోయింది. ఇంటి అద్దె అయిపోయింది.
ఆ చివరి మెయిలు, తిరిగిచ్చేసిన బ్యాడ్జీ చెబుతుంటే
గొంతు మారిందేమో,
చెవులు వెనక్కి వాల్చేసింది.
భయమేసి నోటికొచ్చింది అందుకున్నాను:
పదమూడు ఒకట్ల పదమూడు
పదమూడు రెళ్లు ఇరవయ్యారు
లద్దె ఎత్తుతూ, జూలులో ముళ్లు ఏరుతూ,
గిట్టల్లో బురద గీకుతూ.
పదమూడు ఏళ్లు దగ్గర
చిన్నప్పట్లాగే ఆగిపోయాను.
నమలడం మాని అదీ ఆగింది.
మెడలో గంటతో దాన్ని నీళ్లతొట్టికి నడిపించే మేక
గిల్బర్ట్ కూడా తలెత్తింది.
తొంభయ్యొకటి, అన్నాను.
నా మెడ మీద ఒక పెద్ద వేడి ఊపిరి.

ఉలవలు మెల్‌బోర్న్‌లో దొరికితే
ఉడికించి పట్టుకెళ్లాను.
డాక్టర్ని అడగందే పెట్టకూడదంది డోరీన్.
చలికి వణుకుతూ, ఉప్పు చల్లుకుని
గిన్నెడు గుగ్గిళ్లూ ఆవిడా నేనూ తినేశాం.

ఇప్పుడు పని దొరికింది, శనివారాలే వెళ్తున్నాను.
మావయ్యకి ఆ మాట చెప్పాను, సంతోషించాడు.
మొన్న గేటు దగ్గర కారు ఆపుతుంటే
కంచె అవతల బకెట్టు మోత,
డోరీన్ గొంతు:
పడముడు రెల్లు ఇరవాయారు
పడముడు రెల్లు ఇరవాయారు
అంతకు మించి ఆవిడకి రాదు.
పొగమంచులో ముందు గంట,
గంట వెనక గిట్టలు.

దిగకుండా కూర్చున్నాను,
ముప్పైతొమ్మిది నాలుక చివర పెట్టుకుని.